కొక్కెం విప్పినవాడు

కార్డులమ్మ ఉద్యోగం గురించి ఆమె అత్తగారు ఇరుగుపొరుగుకు చెప్పే మాట ఒక్కటే. "పొద్దున పదింటికి వెళ్తుంది, సాయంత్రం ఐదింటిదాకా సినిమాలు చూస్తుంది. దానికి జీతం కూడా ఇస్తారు, పాపం!" ఆ పాపం కోడలి మీద కాదు, జీతం ఇచ్చేవాళ్ళ మీద.

అందులో అబద్ధం పెద్దగా లేదు. పాత ఫిల్ములు భద్రపరిచే కార్యాలయంలో, మూడో అంతస్తులో, కిటికీలకు నల్లగుడ్డ బిగించిన గదిలో ఆమె కూర్చుంటుంది. రీలు మెషీను మీద ఎక్కించి, పలకంత తెర మీద చూసి, కనిపించింది కనిపించినట్టు కార్డు మీద రాస్తుంది. "వంతెన. వాన. గొడుగుతో ఒక మనిషి. గొడుగు ఎగిరిపోవును. మనిషి వెంటపడును." అంతే. బాగుందనకూడదు, బాగాలేదనకూడదు, ఆ గొడుగు ఎవరిదో ఊహించకూడదు. పదకొండేళ్ళుగా రాసీ రాసీ ఆమె అసలు పేరు మూలపడి కార్డులమ్మ మిగిలింది. ఇంటికొచ్చినా ఆమె మనసులో కార్డులు పడుతూనే ఉంటాయి. "మామగారు ప్రవేశించును. కాఫీ చల్లారెనని అనును. తాగును."

మూతబడిన ఒక వార్తాచిత్రాల కంపెనీ నుంచి ఆ మధ్య ముప్ఫై తుప్పు డబ్బాలు వచ్చాయి. అన్నీ నలభై ఏళ్ళ కిందటి యుద్ధం నాటివి. తొమ్మిదో డబ్బా మూత తీసిన గురువారం నుంచి ఆమెకు గ్రహపాటు పట్టుకుంది.

అందులో ఉన్నది విమానాలను మోసే యుద్ధనౌక. మైదానమంత డెక్కు. దాని మీదికి సముద్రం మీంచి విమానం తూలుతూ వచ్చి దిగుతుంది. దిగాక ఆగడానికి అక్కడ చోటెక్కడిది? అందుకని డెక్కుకు అడ్డంగా ఉక్కుతాళ్ళు కట్టి ఉంటాయి. విమానం తోక కింద ఒక కొక్కెం వేలాడుతుంది. అది తాడుకు తగులుకోగానే, తోక పట్టి లాగినట్టు, లాగినట్టేమిటి, లాగే, విమానం ఆగిపోతుంది. ఆ వెంటనే ఒక నావికుడు వంగి పరిగెత్తుకొచ్చి తాడు నుంచి కొక్కేన్ని విప్పాలి. వెనకాల ఇంకో విమానం దిగడానికి కాచుకుని ఉంటుంది. చెయ్యి తడబడితే ఆ రోజుకు అందరి కథా కంచికే.

కార్డులమ్మ చూసింది చూసినట్టు రాసింది. "ఓడ డెక్కు. విమానం దిగును. దాని మీద 8 అంకె. బక్క నావికుడు వచ్చి ఎడమచేతి కడ్డీతో కొక్కెం విప్పును. కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపును. ఇరవై రెండు సెకన్లు. తర్వాత తెగినది."

డబ్బా మీద ఓడ పేరు చూసి ఆమె కుర్చీలో సర్దుకు కూర్చుంది. ఆ ఓడలోనే ఆమె నాన్న పనిచేశాడు. ఆ ఓడలోనే ఆమె మామగారూ పనిచేశారు. అక్కడ కలిసిన స్నేహమే తర్వాత వియ్యమైంది. ఈ సంగతి ఆఫీసులో వదిలేసి ఇంటికి రావలసింది. రాలేదు. భోజనాల దగ్గర నోరు జారింది.

"ఎడమచెయ్యా?" మామగారి చేతిలో చెంచా గాల్లో ఆగిపోయింది. "ఎడమచెయ్యే అన్నావా అమ్మాయ్? ఇంకేం! ఆ ఓడ మొత్తానికి ఎడమచేతి వాటంవాణ్ణి నేనొక్కణ్ణే. అది నేనే!"

"మీరేనా?" అన్నారు అత్తగారు. "నలభై ఏళ్ళలో ఆ ఎడమచెయ్యి నా వంటింట్లో ఒక్క గిన్నె పక్కకు జరిపిన పాపాన పోలేదు. విమానం కొక్కెం విప్పిందంటే నమ్మాలా?"

"గిన్నె వేరు, విమానం వేరు."

"అవును, విమానమైతే కడిగి బోర్లించక్కర్లేదు."

బస్సు డిపోలో పాతికేళ్ళు బస్సులకు వేళలు చెప్పి రిటైరైన మనిషి మామగారు. ఆయన నోట వేళ పడిందంటే ఇక మార్పుండదు. మర్నాటికి ఆ వీధిలో కొక్కెం అంటే ఏమిటో తెలియనివాడు లేడు. ఆదివారానికి ఆ కబురు పుట్టింటికీ చేరింది.

వాచీలు బాగుచేసే నాన్న కంటికి బిగించిన భూతద్దం కూడా తియ్యకుండా కూతుర్ని చూశాడు. "మీ మామగారా? కొక్కెమా? ఆ నెలంతా కొక్కెం దగ్గర డ్యూటీ నాది. ఆయన చేతికి ఎప్పుడో ఒకటి రెండు సార్లు ఇచ్చారేమో, అదీ విమానాలు రాని రోజు. ఆయనకు డెక్కు మీద తెల్లగీతలు వేసే పని. గీతలు!"

"కానీ నాన్నా, తెరమీద అతనిది ఎడమచెయ్యి."

"చెయ్యిదేముందే! చెమటపడితే ఆ చేతిలోది ఈ చేతిలోకి మార్చుకోమూ?"

అమ్మ తలుపు దగ్గర నిలబడి చేతులు కట్టుకుంది. "చూడవే, నువ్వు తినేది అక్కడే అయినా పుట్టింది ఇక్కడ. ఆ సంగతి గుర్తుంచుకుని రాయి."

అంతటితో పోయినా బాగుండేది. ఆ కబురు చెవిన పడి, సోమవారం పొద్దున ఆఫీసులో పెద్దసారు పిలిచాడు. "శుక్రవారం మన సభ. యుద్ధంలో పనిచేసినవాళ్ళూ వాళ్ళవాళ్ళూ వస్తున్నారు. తెరమీద పరిగెత్తిన మనిషి హాల్లో మన ఎదుటే ఉన్నాడంటే ఎలా ఉంటుంది! వేదిక ఎక్కిద్దాం. బుధవారం సాయంత్రానికి కార్డు మీద పేరు పడాలి. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్యి గానీ, అబద్ధం మాత్రం రాయకు. మనం పోయాక కూడా కార్డు ఉంటుంది."

మామగారి పేరు రాస్తే పుట్టింటి గడప, నాన్న పేరు రాస్తే మెట్టినింటి వంటిల్లు, ఖాళీగా వదిలితే రెండూ. అడకత్తెరలో పోకచెక్క అని వినడమే గానీ, ఆ చెక్కకు ఎలా ఉంటుందో కార్డులమ్మకు ఆ పూట తెలిసింది. మొగుడితో చెప్పుకుంటే ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, "నన్ను ఇందులోకి లాగకు" అన్నాడు. లాగితే తెగేలా ఉన్నాడని ఆమే వదిలేసింది.

ఆ సోమవారం మధ్యాహ్నమే ఇరవై మూడో డబ్బా తెరిచింది. అడుగున చిన్న ముక్క ఒకటి చుట్టి ఉంది. మెషీను మీద వేస్తే అదే డెక్కు, అదే ఎనిమిదో నంబరు విమానం, అదే బక్కమనిషి. తొమ్మిదో డబ్బాలో తెగిన చోటునుంచి అందుకున్న ముక్క. పద్నాలుగు సెకన్లు. కార్డులమ్మ చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి చూసేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క గదిలో పెద్దసారు ఉన్నాడు మరి.

నవ్వు తగ్గాక ఇంకొకటి కంటపడింది. ఈ ముక్కలో ఆ మనిషి కడ్డీ కుడిచేత్తో పట్టుకున్నాడు. డెక్కు పక్కన నిలబడి ఉండే మేడ, ఓడను నడిపేవాళ్ళు ఉండే ఇనపమేడ, కుడిపక్కన ఉంది. తొమ్మిదో డబ్బా తీసి మళ్ళీ వేసింది. అందులో మేడ ఎడమపక్క! మనిషి చెయ్యి మారుస్తాడు, నిజమే. ఓడ మేడ మారుస్తుందా?

ఆ కాలపు మూగ ఫిల్ముకు రెండంచులా రంధ్రాలుంటాయి. అందుకని లోపలి ముఖం బయటికి తిప్పి ఎక్కించినా మెషీను కిక్కురుమనకుండా తిప్పేస్తుంది. బొమ్మ తలకిందులు కాదు, మనుషులు వెనక్కి నడవరు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమవుతుంది, అంతే. ఎప్పుడో ఎవరో ఆ తొమ్మిదో డబ్బా రీలును తిరగేసి చుట్టారు. అక్షరం ముక్క ఏదైనా కనిపిస్తే కార్డులమ్మ అప్పుడే పట్టేసేది. కనిపించిందల్లా ఒక్క ఎనిమిది. దాన్ని అద్దంలో చూపించినా ఎనిమిదే. ఈ పనిలో చేరినవాళ్ళకు మొదటిరోజు చెప్పే పాఠం ఇది. పదకొండేళ్ళు చేసినవాళ్ళే మర్చిపోతారు.

అంటే కొక్కెం విప్పింది కుడిచెయ్యి. అంటే ఆ నెలంతా ఆ డ్యూటీ చేసిన నాన్నే. నిజం తేలిపోయింది. తేలిన నిజాన్ని ఆమె చెబితే మాత్రం, "కూతురు కదా, ఫిల్ము కూడా తిప్పేసింది" అంటారు మామగారు. ఈ మాట ఆమె నోటినుంచి కాదు, ఆయన నోటినుంచే రావాలి.

సాయంత్రం దారిలో నాన్న కొట్టు దగ్గర ఆగింది. "నాన్నా, ఆ ఫిల్ము తర్వాతి ముక్క దొరికింది. ఇంకా చూడలేదు." ఇంత నున్నగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలియదు.

నాన్న చేతిలోంచి ఆవగింజంత స్క్రూ జారి బల్లకింద పడింది. ఆయన దాన్ని వెతకలేదు. "తర్వాతి ముక్కా? ఎంతుంది?"

"పద్నాలుగు సెకన్లు."

నాన్న మనసులో పద్నాలుగు లెక్కపెట్టుకున్నాడు. పెదవులు కదలడం కనిపించింది. ముఖం ఆరేసిన గుడ్డలా అయింది. "ఆలోచిస్తే... మీ మామగారే అనుకుంటానే. పెద్దాయన, ముచ్చటపడుతున్నాడు. ఆయన పేరే రాసెయ్యి. ఆ రెండో ముక్క సంగతంటావా, పాత ఫిల్ము, కాలిపోతుందట కదా? జాగ్రత్త."

కాఫీలో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అన్నదాని మీద కూడా మూడు రోజులు పట్టుపట్టే మనిషి ఇలా చేతులెత్తేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. కార్డులమ్మకు రాలేదు. ఆమెకు కారణం తెలుసు.

నాన్న ఒప్పుకున్నాడన్న కబురుకు మామగారు పొంగిపోయారు. రెండో ముక్క ఊసు ఆయన దగ్గర ఎవరూ ఎత్తలేదు. వేదిక మీద చెయ్యి ఊపడం అద్దం ముందు అభ్యాసం చేశారు. ఎడమచెయ్యే.

మంగళవారం కార్డులమ్మ ఒక చిన్న నేరం చేసింది. సభలో వెయ్యడానికి తీసిన నకలులో రెండు ముక్కలనూ అతికింది. తిరగబడినదాన్ని సరిచేసి అతకడం ధర్మం. ఆమె సరిగ్గా ఉన్నదాన్ని తిప్పి, తిరగబడినదానితో కలిపింది. మళ్ళీ సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలూ ఆమె టీ తాగింది.

బుధవారం మధ్యాహ్నం, పెద్దసారు అనుమతితో, చిన్న ప్రదర్శన గదిలో రెండు జంటలనూ కూర్చోబెట్టింది. మామగారు ముందు వరసలో కొత్త చొక్కాలో, చేతిలో బిస్కెట్టుతో. నాన్న అందరికంటే వెనక, తలుపు పక్కన. వియ్యపురాళ్ళిద్దరూ మధ్యలో.

"రండి బావగారూ, ముందుకు రండి," అన్నారు మామగారు దర్జాగా.

"ఫర్వాలేదు బావగారూ, నాకు ఇక్కడ గాలి బాగుంది." ఆ గదిలో గాలి దూరే సందు లేదు.

దీపాలార్పి మెషీను తిప్పింది. సముద్రం, డెక్కు, తూలుతూ ఎనిమిదో నంబరు. మామగారి బిస్కెట్టు నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆయన చూపు తెర ఎడమపక్క మేడ మీద పడింది. ఒక్క క్షణం అక్కడే ఉంది. తర్వాత మెల్లగా వెనక్కి, నాన్న వైపు తిరిగింది. నాన్నా అప్పుడే ఆ మేడ మీంచి చూపు తిప్పుకుంటున్నాడు. ఆ డెక్కు మీద కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళు. ఇంటి గుమ్మం ఎటుందో తెలియనివాళ్ళుంటారా? ఇద్దరూ చూశారు. ఇద్దరూ నోరు మెదపలేదు. ఒకాయనకు ఆ మనిషి తానే కావాలి, ఇంకొకాయనకు తాను కాకూడదు.

తెరమీద బక్కమనిషి కొక్కెం విప్పి, ఇటు తిరిగి, ఎడమచెయ్యి ఊపాడు.

"అదిగో!" అన్నారు మామగారు. "అదిగో నేను! ఆ నిలబడే తీరు చూడు!"

"నిజమే, మీరే," అంది వెనకనుంచి నాన్న గొంతు. "అచ్చం మీరే. ఇక దీపం వెయ్యమ్మా."

"ఇంకా ఉంది నాన్నా," అంది కార్డులమ్మ.

తెరమీది వీరుడు చెయ్యి ఊపుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు. కెమెరాకు మురిసిపోయి పళ్ళన్నీ చూపిస్తూ మూడో అడుగు. నాలుగో అడుగుకు మోకాళ్ళ వెనక తొట్టి తగిలి, నిండు తొట్టి తెల్లరంగులో కూలబడ్డాడు. రెండు కాళ్ళూ ఆకాశానికి లేచాయి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, లేచి, తానేం చూపిస్తున్నాడో తెలియక కెమెరాకు వీపు తిప్పి పరిగెత్తాడు. నడుము నుంచి మోకాళ్ళదాకా సున్నం కొట్టిన గోడ.

వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. "వదినగారూ," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మీ ఆయన ఎంత తెల్లగా ఉండేవారో!"

"అబ్బే, నాకు ఆ సంబంధం చెప్పినప్పుడు ముందునుంచే చూపించారు," అన్నారు అత్తగారు.

మామగారు లేచి నిలబడ్డారు. శుక్రవారం హాలు నిండా జనం ఈ పద్నాలుగు సెకన్లు చూస్తారన్నది ఆయనకు అప్పుడు వెలిగింది. "ఆపు! ఆపమ్మాయ్! ఫిల్ము తిరగబడింది!"

"అవునా మామయ్యగారూ?"

"అవునా ఏమిటి? మేడ ఎక్కడుందో చూడు! మా ఓడకు మేడ కుడిపక్క. ఎడమపక్క మేడ ఉన్న ఓడలో నేను కాలే పెట్టలేదు. మేడ తిరగబడిందంటే చెయ్యీ తిరగబడినట్టేగా! అది కుడిచెయ్యి. అది నేను కాదు. అది సున్నప్పిడత!"

"ఎవరూ?" అంది అమ్మ.

"ఒప్పందం తప్పారు బావగారూ!" నాన్న తలుపు దగ్గరనుంచి లేచి వచ్చాడు. "పిల్లల పెళ్ళి మాటలనాడు నేనడిగింది ఒక్కటే. ఆ పేరు మా ఇంట్లో వినపడకూడదని!"

"యుద్ధం అయిపోయేదాకా వీణ్ణందరూ అలాగే పిలిచారు వదినగారూ. అధికారులు కూడా. అదుగో ఆ వీపు, ఆ పరుగు, అంతా వీడే. నాకేం సంబంధం లేదు," అన్నారు మామగారు.

"మేడ ఎడమపక్కనుందని ఇప్పుడే కనిపించిందా మీకు?" అని అడిగారు అత్తగారు.

"ఇందాకే కని..." మామగారు బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నారు.

కార్డులమ్మ కార్డూ పెన్నూ పట్టుకొచ్చింది. "తిరగబడిందని మీరు ఖాయంగా చెప్తున్నారా మామయ్యగారూ? పెద్దసారుకు ఆధారం చూపించాలి."

"ఎక్కడ కావాలంటే అక్కడ చెప్తా."

"సంతకం పెడతారా?"

ఆయన ఎడమచేత్తో చకచకా సంతకం పెట్టేశారు. "అయితే ఇందులో ఎడమచెయ్యిలా కనిపించేదల్లా కుడిచెయ్యి. కుడిచెయ్యిలా కనిపించేదల్లా..."

"ఎడమచెయ్యి! చిన్నపిల్లలకు తెలుస్తుంది."

"సరే అయితే, ఇంకొక్కసారి వేస్తాను. ఈసారి పడేవాణ్ణి చూడకండి. తొట్టిని చూడండి."

మళ్ళీ చెయ్యి ఊపడం, ఒక అడుగు, రెండో అడుగు. తెర అంచున, తొట్టి పక్కన, ఇంకో బక్కమనిషి. వాడి పక్కన గీతలు వేసే కుంచె. వాడు అటూ ఇటూ చూశాడు. కుడిచేత్తో తొట్టి అంచు పట్టుకుని, సరిగ్గా వీరుడి మోకాళ్ళ వెనకకు జరిపాడు. జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, పాలు తాగిన పిల్లిలా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. కార్డులమ్మ అక్కడ మెషీను ఆపింది.

"అది కుడిచెయ్యి కదూ?" అంది అమ్మ మెల్లగా.

"కుడిచెయ్యిలా కనిపించేదల్లా ఎడమచెయ్యి వదినగారూ," అన్నారు అత్తగారు. "ఇప్పుడే సంతకం పెట్టారు. ఓడ మొత్తానికి ఎడమచేతి వాటంవారు ఒక్కరే అని కూడా సెలవిచ్చారు."

గుమ్మడికాయల దొంగ అనకముందే మామగారు భుజాలు తడుముకుంటున్నారు. "ఓడ ఊగింది. తొట్టి జారిపోతుంటే పట్టుకోబోయాను."

"ఓడ ఊగితే తొట్టి కదలాలి. మీ చెయ్యెందుకు కదిలింది? నా వంటింట్లో గిన్నె జరగని చెయ్యి!"

నాన్న తెర దగ్గరికి వెళ్ళి ఆ ఆకాశం చూసేవాణ్ణి ముక్కు ఆనించి చూశాడు. "నలభై ఏళ్ళు," అన్నాడు. "నలభై ఏళ్ళు నేను వంటవాణ్ణి అనుమానించాను. ఆ కోపంతో ఓడ దిగేదాకా వాడిచ్చిన టీ ముట్టలేదు. మీ టీయే తాగాను! మీరు రెండు కప్పులు తెచ్చి, వాడి మీద నాతో కలిసి తిట్టారు!"

మామగారు కుర్చీలో కూర్చున్నారు. గొంతు తగ్గించి అన్నారు. "ఆ కెమెరావాడు రెండు వారాలు ఓడలో ఉన్నాడయ్యా. ఒక్కరోజు నా గీతల వైపు తిప్పలేదు. విమానం దిగేది నా గీత చూసుకునే. ఎప్పుడు చూసినా నీ కొక్కెం, నీ పళ్ళు."

"ఒక్క మాట చెబితే కడ్డీ మీ చేతికిచ్చేవాణ్ణి కదా బావగారూ."

ఇచ్చేవాడు కాదు. ఆ గదిలో అందరికీ తెలుసు, మామగారికి అందరికంటే బాగా తెలుసు. ఆయన బిస్కెట్ల పొట్లం నాన్న వైపు జరిపారు, ఎడమచేత్తో. నాన్న దాన్ని కిందా మీదా చూసి ఒకటి తీసుకున్నాడు. ముందు నవ్వింది ఎవరో కార్డులమ్మ గమనించలేదు. అప్పటికే కార్డు రాస్తోంది.

"ఓడ డెక్కు. విమానం దిగును. దాని మీద 8 అంకె. మొదటి నావికుడు కుడిచేతి కడ్డీతో కొక్కెం విప్పును. చెయ్యి ఊపుతూ వెనక్కి నడుచును. రెండో నావికుడు ఎడమచేత్తో తొట్టి జరుపును. ఆకాశం చూచును. మొదటి నావికుడు తొట్టిలో కూర్చొనును. ముప్ఫై ఆరు సెకన్లు." దాని కింద ఎవరి పనికి ఎదురుగా వాళ్ళ పేరు. రెండిళ్ళవీ, అబద్ధం లేకుండా.

కార్డు చదివి పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "రెండోవాడికి ఆధారం?"

"ఆయనే రాసిచ్చారండి," అంది కార్డులమ్మ, సంతకం చూపించి.

శుక్రవారం నకలును సరిగ్గా తిప్పి రెండుసార్లు వేశారు. మేడ కుడిపక్కకు వెళ్ళి బుద్ధిగా నిలబడింది. హాలు రెండుసార్లూ పడిపడి నవ్వింది, రెండోసారి తొట్టిని చూసి. తర్వాత వీరులిద్దరినీ వేదిక మీదికి పిలిచారు. ఒకాయన కుడిచెయ్యి ఊపాడు, ఒకాయన ఎడమచెయ్యి. చప్పట్లు ఆగాక కూర్చోమన్నారు. నాన్న కూర్చోలేదు. ముందు వెనక్కి తిరిగి కుర్చీ ఎక్కడుందో చూసుకున్నాడు. రెండు చేతులతో దాన్ని తడిమి, ఆ తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

మామగారు ఆకాశం చూస్తున్నారు. హాల్లో ఆకాశం లేదు, పైకప్పే. అయినా చూస్తున్నారు.